మరబొమ్మకు శాలువా

రాజవైద్యుడు విరూపాక్షశాస్త్రి దగ్గర ఒక మరబొమ్మ ఉండేది. రోగం చెబితే అది మందు చెప్పేది. కాలినొప్పికి అది చెప్పిన పట్టు వేస్తే, పల్లకీ మోసే గంగులు మోకాలు గుమ్మడికాయలా వాచింది.

"నన్నంటావేంరా? చెప్పింది బొమ్మ!" అని శాస్త్రి కసిరి పంపేశాడు.

వారం తిరక్కుండా బొమ్మ చెప్పిన కషాయంతోనే రాణిగారి జ్వరం తగ్గింది. నిండు సభలో రాజు శాస్త్రికి శాలువా కప్పబోయాడు.

గంగులు కుంటుకుంటూ ముందుకొచ్చాడు. "మహాప్రభూ, మందు చెప్పింది బొమ్మ. శాలువా దానికే కదా కప్పాలి?"

రాజు చెయ్యి ఆగింది.

శాస్త్రి కంగారుపడ్డాడు. "అది ఏదో వాగుతుంది ప్రభూ! మంచీచెడ్డా చూసి మందు ఇచ్చేది నేనే!"

"ఆ మాట కోసమే వచ్చాను స్వామీ," అని గంగులు అక్కడే చతికిలబడి కాలు చాపాడు.

రాజు నవ్వి శాలువా కప్పేశాడు. కొత్త శాలువా కప్పుకున్న శాస్త్రికి, సభంతా చూస్తుండగా ఆ కాలు పట్టుకోక తప్పలేదు.