అటక మీద డొల్ల దయ్యం

అనగనగా గోదావరి నడిమధ్యన ఒక లంక. లంకంటే రావణాసురుడి లంక కాదురా పండూ, ఏటి మధ్యన నేల తేలితే దాన్నీ లంకే అంటారు. చుట్టూ నీళ్ళు, మధ్యలో నాలుగిళ్ళు, అరటి తోటలు, దోసపాదులు. ఉప్పు కావాలన్నా పడవెక్కాలి, చింతపండు కావాలన్నా పడవెక్కాలి, పెళ్ళికూతురు రావాలన్నా పడవే. వానాకాలంలో ఏరు ఎర్రబడి పొంగిందనుకో, పడవ కట్టేస్తారు. ఇక ఎవరింట్లో ఏముంటే అదే తిండి. ఊ కొట్టండి మరి, గోడకా నేను చెప్పేది?

ఆ లంకలో అచ్చియ్యమ్మని ఒకావిడ. ఆవిడకి ఒక్కడే కొడుకు, తాతబ్బాయి. పేరుకి తాత గానీ కుర్రాడే, అప్పుడప్పుడే మీసం వస్తోంది. వాళ్ళింటి అటక మీద వరసగా కుండలు. పెద్ద కుండ, దాని పక్కన కాస్త చిన్న కుండ, దాని పక్కన ఇంకాస్త చిన్న కుండ, అలా చివర పిల్ల ముంత దాకా. కింద నుంచి చూస్తే ఎంత కళగా ఉండేవో. చెయ్యి పెట్టి చూస్తే లోపల గాలి. ఆ గాలిలో ఒక దయ్యం కాపరం పెట్టింది.

భయపడకండి, కరిచే దయ్యం కాదు. డొల్ల దయ్యం. దానికి ఉండడానికి ఖాళీ కుండ కావాలి, తినడానికి "లేదు" అనే మాట కావాలి. ఎవరైనా కుండలో చెయ్యి పెట్టి తడిమి, లేదు అన్నారంటే చాలు, ఆ మాటని గుటుక్కున మింగి ఇంత లావయ్యేది. అలా తిని తిని ఏనుగంత అయింది. దానికి వచ్చిన మాట కూడా అదొక్కటే. ఏమడిగినా కుండలోంచి "లేదూ..." అని మూలిగేది.

ఏంటీ, మన ఫ్రిజ్జులో కూడా దూరుతుందా అంటావా? మీ అమ్మ దాంట్లో ఈగకి కూడా చోటు పెట్టదు, నువ్వు పడుకో.

ఇక్కడే అచ్చియ్యమ్మ పప్పులో కాలేసింది. ఆవిడ అత్తగారు, పోయి చాలా కాలమైందిలే, బతికున్నప్పుడు ఏమడిగినా లేదనే అనేదిట. నూనె ఉందా అంటే లేదు. పుట్టింటికి వెళ్ళిరానా అంటే పడవ లేదు. అందుకని ఆ మూలుగు వినగానే అచ్చియ్యమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మా అత్తగారే వచ్చి కుండల్లో ఉంటున్నారని తేల్చేసింది. పెద్దావిడ ఉన్న కుండలో పప్పులు పోస్తామా, ఊపిరాడద్దూ? కుండలన్నీ అత్తగారికి వదిలేసి, ఏ పూట సరుకు ఆ పూట పడవలో తెప్పించుకునేది. శుక్రవారం శుక్రవారం కుండలకి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఏరు పొంగితే మాత్రం ఇంటిల్లిపాదికీ అంబలే. అదీ అయిపోతే పక్కింటి గుమ్మం. తాతబ్బాయికైతే చినుకు పడితే చాలు, కడుపులో ముందే నొప్పి మొదలయ్యేది.

ఊ కొడుతున్నారా? సిరీ, కాళ్ళు నా మీద వెయ్యకు, మోకాలు అసలే బాలేదు.

ఆ ఇంటికి కోడలొచ్చింది, వరాలు. వచ్చీ రాగానే అటకెక్కి చూసింది, దిగింది, అత్తగారి పక్కన చతికిలబడి, వరదొస్తే ఏం తింటామండీ అని మెల్లిగా అడిగింది. ఏటి సంగతి ఏరు చూసుకుంటుంది, నువ్వు ఆ కుండల జోలికి వెళ్ళకు, అక్కడ మా అత్తగారున్నారు అంది అచ్చియ్యమ్మ. వరాలు సరేనంది. కోడళ్ళు సరేనన్నారంటే లోపల ఏదో ఆలోచిస్తున్నారని లెక్క. మీ అత్తా అంతే, కావాలంటే అడగండి.

వరాలు అటక కింద నిలబడి చెవి పెట్టి వింది. "లేదూ..." అంది కుండ. వరాలుకి అనుమానమొచ్చింది. ఇంటి పెద్దావిడైతే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పిల్లాడు అన్నం తిన్నాడా అని అడగదూ?

ఎండాకాలం మొదలైంది. వరాలు ఊరివాళ్ళ మిరపకాయలు తన వాకిట్లో ఎండబెట్టి పెట్టేది, వాళ్ళు ఇన్ని మిరపకాయలు ఇచ్చేవారు. చింతపండుకి గింజ తీసి పెట్టేది, వాళ్ళు ఓ ముద్ద చింతపండు ఇచ్చేవారు. కందులు విసిరి పెట్టేది, ఇంత పప్పు ఇచ్చేవారు. వడ్లు దంచి పెట్టేది, ఇన్ని బియ్యం ఇచ్చేవారు. అలా ఎండాకాలమంతా, అత్తగారు మధ్యాహ్నం కునుకు తియ్యగానే నిచ్చెన వేసేది.

పెద్ద కుండలో బియ్యం పోసింది. దయ్యం పక్క కుండలోకి గెంతింది. ఆ పక్క కుండలో వేపాకు పరిచి కందిపప్పు పోసింది. దయ్యం మరో కుండలోకి. అందులో ఉప్పేసి చింతపండు అదిమింది. దయ్యం పులుపుకి తుమ్మి ఇంకో కుండలోకి. అందులో మిరపకాయలు. ఇక చెప్పాలా, దగ్గుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ పరుగు. బియ్యం నుంచి పప్పుకి, పప్పు నుంచి పులుపుకి, పులుపు నుంచి కారానికి, కారం నుంచి ఉలవకి, ఉలవ నుంచి వడియానికి, వడియం నుంచి బెల్లానికి, బెల్లం నుంచి చివరికి పిల్ల ముంతలోకి. ఏనుగంత దయ్యం ముంతలో దూరితే ఎలా ఉంటుంది? పండుగాడు పోయినేడాది చొక్కా తొడుక్కున్నట్టుంటుంది.

అక్కడ ఇరుక్కుని అది ఒకటే మూలుగు. ఆ మూలుగుకి అచ్చియ్యమ్మ లేచి వచ్చి చూస్తే ఏముంది, నిచ్చెన మీద కోడలు, చేతిలో ఆవాల చేట. పెద్దావిడని ముంతలోకి తోసేశావా, ఆవిడ ఇంట్లో ఆవిడకే చోటు లేకుండా చేశావా అని ఎగిరిపడింది. రేపు పొద్దున్న పడవలో ఆ సరుకైనా ఏరు దాటాలి, నువ్వైనా దాటాలి అని చెప్పేసింది. తాతబ్బాయి అమ్మకేసి చూశాడు, పెళ్ళాంకేసి చూశాడు, ఆఖరికి నిచ్చెనకేసి చూశాడు. బయట పడమటి దిక్కున మబ్బు నల్లగా కమ్ముకుంటోంది.

వరాలు ఏడవలేదు. వెళ్తానండీ, కానీ పెద్దావిడని ఒక్క మాట అడగనివ్వండి, ఆవిడ పొమ్మంటే పోతాను అంది. సరేనని అచ్చియ్యమ్మ ముంత ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"పెద్దత్తగారూ, అచ్చియ్యమ్మని మీకో కోడలుందా?" అని అడిగింది వరాలు.

"లేదూ..." అంది ముంత.

అప్పుడు చూడాలి అచ్చియ్యమ్మ మొహం. "నీళ్ళు తోడాను, కాళ్ళు పట్టాను, మీరు పోయాక కుండలకి బొట్లు పెట్టాను. మీకు కోడలే లేదా?" అంది. ముంత మళ్ళీ అదే మాటంది.

ఆవిడ చీర చెంగుతో కళ్ళొత్తుకుని, ఆగి, ఆలోచించింది. మా అత్తగారు నన్ను మొద్దు అనేది, తిండిపోతు అనేది, నా చేతి వంట గేదె కూడా ముట్టదు అనేది. కానీ నలుగురిలోకి వెళ్తే మా కోడలు అనే చెప్పుకునేది. నేనే లేనని ఏనాడూ అనలేదు. ఇది ఆవిడ కాదు. అంతే, వరాలు చేతిలో చేట లాక్కుని, నిచ్చెనెక్కి ఆవాలు తనే ముంతలో కుమ్మరించింది. దయ్యం బయటపడి దూలానికి గబ్బిలంలా వేలాడింది.

ఆ సాయంత్రమే వాన దిగింది. ఏరు పొంగింది, పడవ కట్టేశారు. తాతబ్బాయి అలవాటుగా కడుపు పట్టుకుని పడుకున్నాడు. అటక మీద కుండలకేసి ఓసారి చూశాడు, ఇంకోసారి చూశాడు, మూడోసారి చూసేలోపు గుర్రు పెట్టాడు. ఆ గుర్రు విని అత్తాకోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

అయిపోయిందనుకున్నారా? లేదర్రా. అచ్చియ్యమ్మకి ఇప్పుడు కొత్త భయం. కుండ తెరిస్తే ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే దయ్యం దూరుతుంది. అందుకని మూతలన్నీ తాళ్ళతో బిగించి కట్టేసింది. నిండు కుండల కింద కూచుని మళ్ళీ అంబలే తాగారు, ఎవరికి చెప్పుకుంటారు? ఇంతలో పక్కింటి సూరాయమ్మ చంటిపిల్లని చంకనేసుకుని, మోకాటి లోతు నీళ్ళలో నడిచొచ్చి, కాసిని నూకలున్నాయా వదినా అని అడిగింది. దూలం మీద దయ్యం నోరు తెరుచుకుని కూచుంది. అచ్చియ్యమ్మ నాలుక చివరే ఉంది ఆ మాట. అంటే దయ్యం కడుపు నిండుతుంది. అనకపోతే కుండ తెరవాలి.

వరాలు అత్తగారి చెవి దగ్గరికొచ్చింది. "అత్తయ్యా, అడుగున గుప్పెడు ఉంచుదామండి. గుప్పెడున్న కుండ ఖాళీ కుండ కాదు కదా."

అచ్చియ్యమ్మ నోరు మూసుకుని నిచ్చెనెక్కింది.

సూరాయమ్మకి బియ్యం కొలిచింది. ఆ వెనకాల ఇంకొకరు, వాళ్ళ వెనకాల ఇంకొకరు. ఒకరు అరటికాయలు తెచ్చారు, ఒకరు ఎండురొయ్యలు తెచ్చారు, వరాలు పప్పూ పులుపూ కలిపింది, ఊరంతా ఒకే పొయ్యి మీద వండుకున్నారు. కుండలు సగమయ్యాయి, పావయ్యాయి, గుప్పెడు దగ్గర ఆగాయి. ఎవరి నోటా ఆ మాట రాలేదు. ఉండడానికి చోటు లేదు, తినడానికి మాట లేదు, దయ్యం చిక్కిపోయింది. ఏనుగంతది గేదంతయింది, గేదంతది పిల్లి అంతయింది, పిల్లి అంతది ఈగంతయి, ఓ మధ్యాహ్నం వరాలు విస్తట్లో టప్పున రాలింది.

అచ్చియ్యమ్మ చీపురు తియ్యబోయింది. వరాలు వద్దండీ అని, ఓ మెతుకు పప్పులో ముంచి దాని ముందు పెట్టింది. దాని బతుకులో అన్నం ఎరగదు, పాపం. నాకి చూసింది. తిన్నది. కళ్ళు మూసుకుని కాసేపు కూచుంది.

"చాలు," అంది.

చాలు అన్నాక ఇంకేం దయ్యం? చల్లటి గాలై కిటికీలోంచి ఏటి మీదికి వెళ్ళిపోయింది. మబ్బు విడిచింది, నీళ్ళు తీశాయి, పడవ వచ్చింది. సంచులు చంకన పెట్టుకుని అందరికంటే ముందు ఎక్కింది ఎవరనుకున్నారు? అచ్చియ్యమ్మే. కోడలికి చెయ్యూపి, పప్పు ఎంత తెమ్మంటావే అని అడిగింది.

అదర్రా సంగతి. రేపు మీరు కాపరాలు చేసేటప్పుడు డబ్బాలు అడుగంటా గీకకండి. ఓ గుప్పెడు ఉంచండి, మీకో, మీ తలుపు కొట్టినవాళ్ళకో. సిరి ఎప్పుడో పడుకుంది. నువ్వూ కళ్ళు ముయ్యి పండూ. కథ పడవెక్కి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం.