దమయంతి చెప్పని నాలుగంకెలు

అనగనగా ఒక ఊరు. మరీ పాతకాలం కాదులే కన్నా, ఇంటింటా ఫోన్లున్న కాలమే. ఆ ఊళ్ళో జీడిపిక్కలు కొట్టే నీలవేణికి దమయంతి అని ఒక్కతే కూతురు.

దమయంతికి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకొచ్చింది. వ్యవసాయ కాలేజీ అంటే దానికి ప్రాణం. కౌన్సెలింగ్‌లో తనకు నచ్చిన కాలేజీలన్నీ వరసగా పెట్టుకుంది. ఆ తర్వాత, హాస్టలు ఎక్కడ బాగుంటుందో చూద్దామని ఫోన్ తెరిచింది.

అప్పుడేమో రంగురంగుల పేజీ ఒకటి వచ్చింది. 'నీకు ఏ కాలేజీలో సీటొస్తుందో ఇట్టే చెప్తాం' అంది. ముందు పేరడిగింది, ఇచ్చింది. అప్పుడు ఫోన్ నంబరడిగింది, ఇచ్చింది. ఆ తర్వాత హాల్‌టికెట్ నంబరూ, పుట్టినరోజూ అడిగింది. పిచ్చిపిల్ల, అవీ ఇచ్చేసింది! ఇంతా చేస్తే అది చెప్పిందేమిటి? 'మావాళ్ళు ఫోన్ చేస్తారు' అని. అంతే.

తెల్లారి 'మా కాలేజీలో చేరమ్మా' అని ఒకావిడ ఫోన్ చేసింది. మధ్యాహ్నం ఇంకొకాయన. సాయంత్రం మూడో ఫోన్ వచ్చింది. ఎంత మెత్తటి గొంతో!

"కౌన్సెలింగ్ ఆఫీసు నుంచమ్మా. నీ హాల్‌టికెట్ నంబరు ఇదే కదూ?" అని గడగడా చదివాడు. పుట్టినరోజు కూడా చెప్పాడు. ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడే అనుకుంది దమయంతి.

"ఇప్పుడు నీ ఫోన్‌కి ఆరంకెలొస్తాయి. వెంటనే చదువు, లేకపోతే సీటు పోతుంది."

అంకెలు వచ్చాయి. దమయంతి గబగబా చదవబోయింది. "నాలుగు... ఏడు..." అంది.

పక్కనే కూర్చుని అంతా వింటున్న నీలవేణి జీడి మరకల చేత్తోనే ఫోన్ లాక్కుంది. "బాబూ, ఆ అంకెలు పంపింది మీరే అయితే, మళ్ళీ మా పిల్లని అడగడం దేనికి?"

వాడి మెత్తటి గొంతు ఎటు పోయిందో! "చదువులేనిదానివి, నీకేం తెలుసు? ఫోన్ పిల్లకివ్వు!" అని అరిచాడు. నీలవేణి ఠక్కున పెట్టేసింది.

ఆ రెండంకెలతోనే కొంప మునిగిందేమోనని దమయంతి అన్నం ముట్టలేదు. పొద్దున్నే మొదటి బస్సులో తల్లీకూతుళ్ళు కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్ళారు.

అక్కడి సుభాషిణి మేడమ్ కంప్యూటర్లో చూసింది. "ఎవరో నీ పాస్‌వర్డ్ మార్చాలని మూడుసార్లు ప్రయత్నించారు. ఆరంకెలూ దొరక్క వాళ్ళ వల్ల కాలేదు. నీ కాలేజీలు నువ్వు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయమ్మా."

దమయంతికి అప్పుడు ఊపిరాడింది. మేడమ్ పాస్‌వర్డ్ మార్పించి, ఆ ఫోన్ నంబరు మీద ఫిర్యాదు రాయించింది. "ఎన్ని కాలేజీలైనా చూసుకో తల్లీ. కాలేజీ చూడ్డానికి నీ పుట్టినరోజెందుకు? అడిగితే ఆ పేజీ మూసెయ్" అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇద్దరూ నిమ్మసోడా తాగారు.

"అన్నీ తెలిసినోడిలా మాట్లాడాడమ్మా."

"నువ్వు చెప్పిందే నీకు చెప్పాడే, పిచ్చితల్లీ!"

దమయంతికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నీలవేణి కొంగుతో దాని మొహం తుడిచింది.

పదిరోజులకి జాబితా వచ్చింది. దమయంతి కోరుకున్న కాలేజీలోనే సీటు!

కథ కంచి దారి పట్టె,
మా కన్నకి కునుకు పట్టె.