సరే మేడమ్

ఆఫీసులో వైదేహి మాట ఎవరూ వినడం లేదు.

విశాఖపట్నంలో ఆసుపత్రి భవనాలకు డిజైన్లు గీసే కంపెనీ అది. ఇంజనీర్లు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు డిజైనుకు విడి కాపీ పెట్టుకుని పనిచేసేవారు. ఒకసారి పాత కాపీ సైటుకు వెళ్ళింది. లిఫ్టు గుంత ఒకచోట, లిఫ్టు తలుపు ఇంకోచోట వచ్చాయి. పోసిన కాంక్రీటు పగలగొట్టారు. ఇకమీదట అందరూ కంప్యూటర్లో ఒకే ఉమ్మడి మోడల్‌లో, అంటే ఒకే భవన నమూనాలో, కలిసి గీయాలనుకున్నారు. ఆ అలవాటు చేయించే బాధ్యత వైదేహికి ఇచ్చారు.

ఆమె ఐదుగురిని ఎంచుకుంది. తాము నేర్చుకుని మిగతావాళ్ళకు నచ్చజెప్పాలి, అదీ వాళ్ళ పని. అందరూ నెమ్మదస్తులు. ఏం చెప్పినా "సరే మేడమ్" అనేవాళ్ళు. వాళ్ళు వెళ్ళి చెబితే మిగతావాళ్ళు నవ్వి, తమ కాపీలు తాము దాచుకునేవారు.

వైదేహి జోగారావుగారి ఇంటికి వెళ్ళింది. ఆమెకు డిజైన్ పని నేర్పింది ఆయనే. రిటైరయ్యారు.

"ఎండీ గారిచేత గట్టిగా ఆర్డరు వేయించనా గురువుగారూ?"

"అందరికంటే ఎక్కువ ఎదురు తిరిగేది ఎవరమ్మా?"

"ఖాజా అని ఒకడున్నాడండీ. నిండు మీటింగులో 'ఈ పద్ధతి నాకొద్దు' అనేశాడు. వేరే ప్రాజెక్టుకి పంపేద్దామనుకుంటున్నాను."

"పంపకు. రేపు నేనొస్తాను."

మర్నాడు ఆయన వచ్చి, గోడమీద పెద్ద తెర ముందు కూర్చున్నారు. ఐదుగురూ చుట్టూ నిలబడ్డారు. కొత్త ఆసుపత్రి మోడల్ తెరిపించి, మొదటి అంతస్తులో ఒక స్తంభం చూపించారు.

"ఇది తీసెయ్యండి."

వాళ్ళలో లిఖిత అనే అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించింది. వైదేహి వైపు చూసి, తీసేసింది. స్తంభం మాయమైంది.

"అందరికీ సమ్మతమేనా?"

"సరే సార్" అన్నారు.

అవతలి బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. ఖాజా లేచి వచ్చాడు.

"ఎవరు తీశారది? పైన ఆపరేషన్ థియేటర్ ఉంది! దేనిమీద నిలబడుతుందనుకున్నారు?"

"నేను తీయమన్నానయ్యా" అన్నారు జోగారావుగారు.

"ఎవరైతే నాకేంటి సార్? ఆ స్తంభం నేను గీసింది. నన్నడగకుండా ఎవరు పడితే వాళ్ళు తీసేస్తారనే నా కాపీ నేను దాచుకుంటున్నాను. మేడమ్‌కి ఎన్నిసార్లు చెప్పబోయినా వినలేదు."

వైదేహి ముఖం ఎర్రబడింది.

జోగారావుగారు స్తంభాన్ని మళ్ళీ పెట్టించి లేచారు. గుమ్మం దాకా సాగనంపిన వైదేహితో ఒకే మాట అన్నారు.

"ఆ ఐదుగురూ నీకే ఎదురు చెప్పలేరమ్మా. ఇంకెవరికి చెబుతారు?"

ఆ మధ్యాహ్నం వైదేహి ఖాజా బల్ల పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు కూడా జట్టులోకి రా."

"వస్తాను. కానీ ఎవరు గీసింది వాళ్ళకు చెప్పకుండా మార్చకూడదు. అందరం చూడకుండా ఏ డ్రాయింగూ సైటుకు పోకూడదు. మీరు చెప్పినా సరే."

ఆమెకు ఆ చివరి మాట గుచ్చుకుంది. అయినా ఒప్పుకుంది.

అప్పటినుంచి వాదనలే వాదనలు. కానీ విడి కాపీలు ఒక్కొక్కటే తగ్గాయి.

వర్షాలు మొదలయ్యే ముందు ఎండీ గారు వైదేహిని పిలిచారు. పునాది డ్రాయింగులు సాయంత్రానికల్లా సైటుకు వెళ్ళాలన్నారు. సరిచూడటం ఇంకా సగంలో ఉంది. ఆమె కాదనలేక, వచ్చి జట్టుకు చెప్పింది.

"పంపెయ్యండి. తర్వాత సరిచేద్దాం."

ఖాజా నోరు తెరిచేలోపే లిఖిత లేచింది.

"పంపం మేడమ్."

తక్కినవాళ్ళూ కదల్లేదు. వైదేహి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. వెనుదిరిగి ఎండీ గది తలుపు తోసింది.

"డ్రాయింగులు ఇవాళ వెళ్ళవు సార్. మా వాళ్ళు పంపేది లేదంటున్నారు."

"నీ మాటే వినని వాళ్ళని జట్టులో ఎందుకు పెట్టుకున్నావు?"

"అందుకే పెట్టుకున్నాను సార్."