గూట్లో తడిమట్టి

వాగు ఒడ్డున తుమ్మతోపులో నక్క ఒక గూళ్ళ డిజైన్ ఆఫీసు పెట్టింది. ఆకుల మీద కొలతలు గీసేది కాకి, అల్లేది గిజిగాడు, పేరు మాత్రం నక్కది. సొమ్మొకడిది, సోకొకడిది!

గిజిగాడికి ఒక్కటే కోరిక. వాడు పుట్టిన గూట్లో గోడకి లోపల తడిమట్టి అద్ది ఉండేది. ఎంత గాలి కొట్టినా ఆ బరువుకి గూడు నిలిచేది. ఆ మట్టివాసనలో, అమ్మ రెక్క కింద, హాయిగా నిద్రపట్టేది. అలాంటి గూడు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తన చేతి నుంచి అల్లింది అల్లినట్టు బయటికి వెళ్ళాలి. మూడేళ్ళయినా వెళ్ళలేదు.

"ఈ మురికేంట్రా? తీసెయ్!" అనేది నక్క ప్రతిసారీ.

"గాలికి ఆగాలి కద సార్?"

"ముందు కంటికి ఆనాలి."

ఒకరోజు పిచ్చుక వచ్చింది. "గుడ్లు పెట్టే రోజులొచ్చాయన్నా. పోయిన వానాకాలం మీ గూడు తిరగబడి రెండు గుడ్లూ వాగులో పడ్డాయి. వేరే దిక్కు లేక మళ్ళీ మీ దగ్గరికే వచ్చా. ఈసారైనా..."

గిజిగాడు ఆ పూట గింజ ముట్టలేదు. కాకి పక్కన వాలింది.

"ఒరే పిచ్చోడా, సారుకి మట్టి మీద పగేం లేదు. ఏదో ఒకటి తీయించకపోతే తన గొప్పేం కనిపిస్తుంది? తీయించడానికి ఏదైనా చేతికివ్వు!"

గిజిగాడు పిచ్చుకకి గూడు అల్లాడు. లోపల మట్టి అద్దాడు. గుమ్మానికి బారెడు నెమలి ఈక గుచ్చాడు.

నక్క చూసి ముక్కు విరిచింది. "ఇదేం పెళ్ళిపందిరా? పీకెయ్ ఆ ఈక!"

"అందమంతా అందులోనే ఉంది సార్..."

"నాకే నేర్పుతావా?"

గిజిగాడు ఏడుపు మొహంతో పీకాడు. కాకి అటు తిరిగి దగ్గింది. ఈక పీకించిన ఆనందంలో నక్క గూట్లోకి తొంగి కూడా చూడలేదు.

వారం తిరక్కుండా గాలివాన. గూళ్ళన్నీ పల్టీలు కొట్టాయి. పిచ్చుకది మాత్రం బెసకలేదు. నాలుగు గుడ్లూ భద్రం.

తెల్లారేసరికి పక్షులన్నీ ఆఫీసు ముందు వాలాయి. "ఆ గూట్లో ఏం చేశారేంటి?"

"నేనే దగ్గరుండి ఈక పీకించా," అని మీసం దువ్వింది నక్క.

"మా గూళ్ళకి అసలు ఈకే లేదే! మరి మావెందుకు తిరగబడ్డాయి?"

గిజిగాడు నోరు విప్పాడు. "మట్టి. మీ అందరి గూళ్ళకీ పెట్టాను. అందరివీ తీయించారు."

"అయితే ఇక నువ్వే అల్లిపెట్టు నాయనా!" అంటూ పక్షులన్నీ వాడి వెంటపడ్డాయి.

"పోరా పో! అల్లడమేమైనా బ్రహ్మవిద్యా?" అని నక్క ఒక గడ్డిపరక నోట కరిచింది. అది కాస్తా మూతికి చుట్టుకుంది. "ఛీ, గడ్డి మంచిది కాదు!"

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే సార్," అంటూ కాకి కూడా ఎగిరిపోయింది.

గిజిగాడు అప్పటికే వాగు దాటాడు. అందరికీ ఇళ్ళు అల్లినవాడికి సొంత గూడు లేదు. తన కోసమని మొదటి పరక చీల్చాడు. నక్కకి చూపించే మూడేళ్ళ అలవాటుకి, ఇక ఎవరికి చూపించాలో తెలియక, దాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

వంక పెట్టడానికి నోరు చాలు, గూడు కట్టడానికి ముక్కు అరగాలి.