గేటు పక్క బంతిపూలు

సాయంత్రం ఐదుంపావుకు చిదంబరప్ప గొంగడి దులిపి అరుగు మీద పరుచుకున్నాడు. మగ్గం నేసి బతికిన మనిషి. తత్త్వం చెబుతాడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ వేళకు ఒకరిద్దరు శిష్యులు వస్తారు. ఎవరేం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పడు. వక్క నోట్లో వేసుకుని, ఊరి వెనక గుట్ట మీద తిరిగే గాలిమరల కేసి చూస్తూ కూర్చుంటాడు. అవి ఎంత నెమ్మదిగా తిరుగుతాయంటే, పక్కన కూర్చున్నవాడు తాను అడగవచ్చిన ప్రశ్నే మరిచిపోతాడు.

ఆ రోజు ఓబులపతి మరిచిపోలేదు. ఆయన ఆ ఊరి హైస్కూలు హెడ్మాస్టరు.

"సామీ, బాగా చదివే పిల్లకు బడి మీద మనసెందుకు విరుగుతుంది?"

ఎనిమిదో తరగతి హంపమ్మ సంగతి అది. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లు బడిలో లేరు. కొన్నాళ్లుగా వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఇప్పుడు పూర్తిగా మానేసింది. తల్లి బడికి వచ్చి, "ఇంక చాల్లే సార్, పేరు కొట్టేయండి. చేన్లో పనికైనా వస్తాది" అంది. కొద్దిరోజులు ఆగమని ఓబులపతి బతిమాలుకున్నాడు.

"రేపు మీ బడి చూస్తానప్పా," అన్నాడు చిదంబరప్ప.

అన్నట్టే మర్నాడు ఎండ వాలాక వచ్చాడు. ఓబులపతి బడంతా తిప్పి చూపించాడు. ఆడపిల్లల కోసం కొత్తగా కట్టిన మరుగుదొడ్ల దగ్గర ఆయన్ను కాస్త ఎక్కువసేపు నిలబెట్టాడు. తెల్లటి గోడలు, నీలం తలుపులు, ఇత్తడి తాళాలు. పరిశుభ్రంగా ఉన్న బడికి బహుమతి ఇచ్చేందుకు జిల్లా నుంచి బృందం రావలసి ఉంది.

"తాళమేందప్పా?"

"తీసిపెడితే రెండ్రోజుల్లో మాసిపోతాయి సామీ. వాళ్లొచ్చి చూసిపోయినాక తీస్తాను."

చిదంబరప్ప తలూపి, గేటు పక్కన గట్టు మీద కూర్చున్నాడు. గోడ పొడుగునా బంతిచెట్లు. బయట వేరుశనగ చేలు వాన లేక వడలిపోయి ఉన్నాయి. ఇవి మాత్రం నడుమెత్తు పెరిగి విరగబూశాయి.

"మా ఆడపిల్లల పని సామీ. ఒకరు చెప్పే పనిలేదు. రోజూ ఇంటికి పోతా నీళ్లు పోస్తారు," అన్నాడు ఓబులపతి.

బడి విడిచిన గంట మోగింది. మగపిల్లలు దుమ్ము రేపుకుంటూ పోయారు. ఆ దుమ్ము ఇంకా గాల్లో ఉండగానే ఆడపిల్లలు వచ్చారు. సంచుల్లోంచి సీసాలు తీసి, మూతలు విప్పి, వంచారు. ఏటవాలు ఎండలో నీళ్లు తీగలు తీగలుగా మెరుస్తూ జారాయి. దుమ్ము అణిగింది. తడిమట్టి వాసన లేచింది. రోజూ చూసేదే అయినా, ఎవరి కలలోకో తాను పొరపాటున వచ్చి నిలబడినట్టు అనిపించింది ఓబులపతికి.

చిదంబరప్ప ఒక పిల్లను దగ్గరికి పిలిచాడు. హంపమ్మ చెల్లెలు ఆమె.

"పొద్దున ఇంటికాడ నింపుకొచ్చిన నీళ్లేనా తల్లీ?"

"ఊ, తాతా."

"సీసా నిండుగానే ఉండిందే. దప్పి కాలేదా?"

పిల్ల హెడ్మాస్టరు వైపు చూసి తల దించుకుంది. వెనకున్న గడుసుపిల్ల అందుకుంది. "ఎందుక్కాదు! తాగితే పోవల్ల గదా తాతా. ఆడ తాళమేసినారు. నిండుసీసా ఇంటికి తీస్కపోతే మాయమ్మ వీపు పగలగొడ్తాది. అందుకే ఈడ పోస్తాం."

"మా అక్కయితే పొద్దున ఇంటికాడ గూడా తాగేది కాదు," అంది చెల్లెలు మెల్లగా. "ఇప్పుడు ఒంటికి పోతే మంట, జరం. మాయమ్మకు చెప్పల్లంటే దానికి సిగ్గు."

పిల్లలు వెళ్లిపోయారు. ఓబులపతి చెయ్యి జేబులో తాళంచెవుల మీద ఉంది. అవి ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి.

చిదంబరప్ప లేచి గొంగడి భుజాన వేసుకున్నాడు.

"పూలు బాగున్నాయప్పా," అని వెళ్లిపోయాడు.

మర్నాడు తాళాలు తీశారు. ఓబులపతి లోపలి తొట్టి నింపించాడు, సబ్బు పెట్టించాడు, కడగడానికి మనిషిని మాట్లాడాడు. హంపమ్మ ఇంటికి తానే వెళ్లి, పిల్లను ఆస్పత్రికి తీసుకుపొమ్మనీ, తప్పు తనదేననీ తల్లికి చెప్పాడు. ఆమె "చూద్దాం సార్" అని మాత్రం అంది. బృందం వచ్చేనాటికి తెల్లగోడల మీద చేతి ముద్రలు, గచ్చు మీద బురద చెప్పుల జాడలు. బహుమతి వేరే ఊరి బడికి పోయింది.

మరికొన్నాళ్లకు ఓబులపతి మళ్లీ అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఇంకో తిప్పలొచ్చింది సామీ. పొద్దున నింపిన తాగునీళ్ల డ్రమ్ము అన్నాల వేళకే ఖాళీ అయిపోతాంది. ఇంకోటి కావల్లని ఆడపిల్లలంతా వచ్చి నా గది ముందర నిలబడినారు."

"ముందర నిలబడి అడిగిందెవరు?"

"హంపమ్మ."

"పెద్దది కొనప్పా," అన్నాడు చిదంబరప్ప.