దాలమ్మ ముక్క

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. మధ్యలో నిద్రపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పను, అది ముందే చెబుతున్నా.

సముద్రం ఇప్పటికన్నా ఒక కూతవేటు దూరం వెనక్కి ఉన్న రోజుల్లో, మన గవ్వలపేటలో దాలమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమెకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నవల్లా ఒక పాక, ఒక గేదె, రెండు చేతులు. ఆ చేతులతో పొద్దస్తమానం కొబ్బరిపీచు తాళ్ళు పేనేది. పేనుతూ ఊళ్ళో అందర్నీ తిట్టేది. చేతులకీ విశ్రాంతి లేదు, నోటికీ లేదు.

ఊరంతటికీ ఒకటే పెద్ద పడవ. ఉప్పూ చింతపండూ వేసుకుని, తెరచాప ఎత్తి, రేవు రేవుకీ తిరిగేది. అది కదిలితేనే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. తెరచాప కింది అంచుకి పొడుగాటి కర్ర ఒకటి కడతారు, చాపకర్ర అంటారు దాన్ని. గాలి వెనక నుంచి కొడితే ఆ కర్ర పడవని దాటి నీళ్ళ మీదికి చాచుకుంటుంది. గాలి దారి మళ్ళిందా, గిర్రున వెనక్కి తిరిగి అడ్డొచ్చిన తలకాయ పగలగొడుతుంది. అందుకని దాన్ని పడవ ముక్కుకి ఒక తాడుతో బిగించేవాళ్ళు. అది కాపుతాడు.

ఆ కాపుతాడు ఊరికే తెగేది. తెగినప్పుడల్లా పడవవాళ్ళు గబుక్కున తలలు వంచుకుని, ఒడ్డుకొచ్చాక దాలమ్మని ఆడిపోసుకునేవాళ్ళు. అందరికన్నా ఎక్కువగా ఆడిపోసుకునేవాడు పడవ వడ్రంగి కన్నమాచారి.

"నీ తాడుకన్నా మా ఇంటిదాని జడపీలిక నయం, దాలమ్మా!"

దాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఉండు ఆచారీ! నీ కర్ర ఇరిగినా తెగని తాడు పేనుతాను సూడు" అంది.

పీచుని ఉప్పునీళ్ళలో నానబెట్టింది, బాదింది, ఎండబెట్టింది. మూడు పాయలు పేని, ఆ మూడింటినీ కలిపి మళ్ళీ పేనింది. ఊళ్ళో మగాళ్ళంతా అటు సగం ఇటు సగం నిలబడి లాగినా ఆ తాడు తెగలేదు. దాలమ్మ ఆ రోజు తలెత్తుకుని నడిచింది. నడవదా మరి!

కొత్త కాపుతాడు కట్టుకుని పడవ వెళ్ళింది. కర్ర విరిగింది. తాడు మాత్రం చెక్కుచెదరలేదు.

"పచ్చికర్ర పెట్టినాడు ఆచారి" అన్నారు. ఆచారి ఎండిన సరుగుడు మాను తెచ్చి కొత్త కర్ర చెక్కాడు. పడవ వెళ్ళింది. కర్ర విరిగింది. తాడు మాత్రం చెక్కుచెదరలేదు.

"గంగమ్మ తల్లికి కోపమొచ్చింది" అన్నారు. కోడిని కోశారు, చీరా సారే పెట్టారు. ఆచారి ఇంకా లావుపాటి కర్ర చెక్కాడు. పడవ వెళ్ళింది. కర్ర విరిగింది. విరిగి, పడవ నడిపే సరంగు ఎర్రయ్య తమ్ముడి భుజం మీద పడింది. భుజం ఎముక నుజ్జయింది. తాడు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎర్రయ్య ఊరందరి ముందూ ఆచారిని నిలబెట్టాడు. "మూడు కర్రలూ నీ సెయ్యే సెక్కింది. ఆ సెయ్యి మంచిది కాదు. పున్నమిలోగా ఊరొదిలిపో" అన్నాడు.

ఊరంతా తలలూపింది. దాలమ్మా ఊపింది. లోపల్లోపల కాస్త సంతోషపడింది కూడా. అబద్ధమెందుకు, మన దాలమ్మ దేవతేం కాదు.

మర్నాడు పొద్దున్నే దాలమ్మ గేదె మీదికి ఒక కుక్క మొరుగుతూ ఎగబడింది. గేదె బెదిరి ఒక్క గుంజు గుంజింది. పాత తాడైతే పుటుక్కున తెగేది. గేదె వీధి చివరిదాకా పరిగెత్తి, తనే సిగ్గుపడి తిరిగొచ్చేది. కానీ ఇప్పుడు దాని మెడలో ఉన్నది కాపుతాడు పేనగా మిగిలిన గట్టి తాడు. అది తెగలేదు. పాక గుంజ ఫెళ్ళున విరిగింది. కప్పు సగం కూలి కూటికుండ మీద పడింది.

దాలమ్మ ముందు కుక్కని తిట్టింది. తర్వాత గేదెని తిట్టింది. తర్వాత గుంజని తిట్టబోయి ఆగిపోయింది. దాలమ్మ నోరు ఆగడం ఇరుగుపొరుగు ఎప్పుడూ చూడలేదు, పాపం హడలిపోయారు. ఆమె గుంజ విరిగిన చోటు చూసింది. సరిగ్గా తాడు ముడి పడ్డ చోటే విరిగింది.

గబగబా రేవుకి వెళ్ళింది. విరిగిన చాపకర్రలు ఇసకలో పడున్నాయి. మొదటిదాన్ని చూసింది, రెండోదాన్ని చూసింది, మూడోదాన్ని చూసింది. అన్నీ కాపుతాడు కట్టిన చోటే విరిగాయి. కర్రలో తాడు దిగిన గుర్తు పంటిగాటులా ఉంది.

అక్కణ్ణుంచి ఎర్రయ్య తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. "ఒరే, ఇరిగే ముందు కర్ర ఏటి సేసింది?"

"పడవ ఒక పక్కకి ఒరిగింది అత్తా. కర్ర కొస నీళ్ళలో మునిగింది. నీళ్ళు దాన్ని ఎనక్కి లాగినాయి."

"మరి నా తాడో?"

"నీ తాడు ఒగ్గనేదు."

అదీ సంగతి. ఇదివరకు నీళ్ళు లాగితే తాడు తెగేది, కర్ర బతికేది. ఇప్పుడు నీళ్ళు అటు లాగుతుంటే తాడు ఇటు పట్టుకుంది. మధ్యలో కర్ర ఏం చేస్తుంది? విరిగినదాన్ని ఊరంతా చూసింది. తెగనిదాన్ని ఒక్కరూ చూడలేదు.

దాలమ్మ ఆ గుమ్మంలోనే కూర్చుని ఆలోచించింది. ఊరుకుంటే చాలు. ఆచారి పీడ వదులుతుంది, తాడుకి పేరూ నిలుస్తుంది. కానీ తన చేతి పనికి ఇంకొకడు ఊరొదిలిపోతాడా? రేపు నాలుగో కర్ర విరిగి ఎవడి తల మీద పడుతుందో! లేచి ఆచారి ఇంటికి నడిచింది.

ఆచారి ఇంట్లో ఉలీ బాడితా మూట కడుతున్నాడు.

"మూట ఇప్పు ఆచారీ."

"ఎగతాళికి వొచ్చినావా?"

"నీ కర్రల్ని ఇరిసింది నానే. పద, అందరి ముందూ సెప్తాను."

చెప్పింది. గొంతు తగ్గించకుండా చెప్పింది. ఎర్రయ్య తెల్లబోయాడు. "తెగని తాడుది తప్పేటత్తా?"

"తెగకపోడమే తప్పు."

అని, కత్తిపీట వేసుకుని, ఊరంతా లాగినా తెగని ఆ తాడుని తన చేత్తోనే మధ్యకి కోసింది. కోస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోసిన చోట మూరెడు సన్నతాడు అతికించి కట్టాలంది. కర్రకన్నా ముందు అది తెగాలి, అదీ ఆమె మాట.

"తెగకుండా కర్ర ఇరిగిందా, ఊరొదిలేది ఆచారి కాదు, నాను."

ఆ ముక్క ఎంత సన్నంగా ఉండాలి? ఇద్దరూ కూర్చుని, తిట్టుకుంటూనే, ఆచారి చెక్కి పారేసిన కర్రలకి కట్టి లాగి చూశారు. మొదటి ముక్క ఉత్త గాలికే తెగేలా ఉంది. రెండోది కర్రని విరిచింది. మూడోది సరిపోయింది. ఆచారి నాలుగో చాపకర్ర చెక్కి బిగించాడు.

పడవ వెళ్ళింది. ఆ రోజు గాలి మంచి జోరు మీద ఉంది. ఊరంతా ఒడ్డునే నిలబడింది. దాలమ్మ తన బట్టల మూట పక్కనే పెట్టుకుని కూర్చుంది. ఎవర్నీ తిట్టలేదు.

పొద్దు వాలేవేళకి దూరంగా తెరచాప కనిపించింది. నిండుగా, పొంగి ఉంది. కర్ర విరిగితే చాప అలా నిలబడదు కదా! ఒడ్డు ఒడ్డంతా కేకలు. ఎర్రయ్య మొలలోతు నీళ్ళలోకి దూకి, తెగిన తాడుముక్క ఎత్తి చూపించాడు.

"కర్ర కొస మునిగింది అత్తా! ఇది తెగింది! తలలు వొంచినాం, చాప దించినాం, ఇంకో ముక్క కట్టినాం, వొచ్చీసినాం!"

ఆచారి రెండు చేతులూ జోడించాడు. "నీ తాడు తెగినందుకు దండం ఎట్టడం నా జల్మలో ఇదే."

"మీ ఇంటిదాని జడపీలికంత సన్నంగా పేనినాను మరి!" అంది దాలమ్మ. అని మూట చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. ఈసారీ తలెత్తుకునే నడిచింది.

దాలమ్మ పోయాక ఊరు ఆమెకి గుడి కట్టలేదు. కట్టి ఉంటే పైనుంచి తిట్టేది. కానీ ఈనాటికీ మన రేవులో కాపుతాడు మధ్యలో మూరెడు సన్నతాడు లేకుండా పడవ కదలదు. దాని పేరు దాలమ్మ ముక్క. నడిసముద్రంలో అది తెగితే మనవాళ్ళు తలలు వంచి, "దాలమ్మ తిట్టిందిరోయ్!" అని నవ్వుతారు. ఆ తెగిన ముక్కని పారెయ్యరు. ఇంటికి తెచ్చి గుంజకి కడతారు. మన ఊరికి పిల్లనిచ్చేవాళ్ళు ముందు చూసేది ఆ గుంజనే. ఎన్ని ముక్కలుంటే ఆ ఇంటి మగాడు అన్నిసార్లు బతికి ఇంటికొచ్చినట్టు. ఏ ఊళ్ళో ఉంది చెప్పండి ఇలాంటి గుంజ!

ఇంకోటి. మన ఊళ్ళో ఏది విరిగినా సరే, ఎవర్నీ తిట్టకముందే ఎవరో ఒకరు అడుగుతారు, "తాడు సూసినారా?" అని. నిన్న ఉట్టి మీంచి దించుతుంటే మా కోడలి చేతిలో పెరుగుకుండ పగిలింది. తిడదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని, ఉట్టి తాడు చూద్దామని లేచాను.