అత్తరు చల్లిన తివాచీ

ఏలూరులో తివాచీలు నేయించే జిలానీకి కంటిమీద కునుకు లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఫోన్ మోగితే ఎత్తడు. చివరికి ఓ ఉదయం తివాచీ ముక్కొకటి చంకన పెట్టుకుని తన గురువు సత్తార్ బాబా దగ్గరికి పరుగెత్తాడు.

బాబా ఊరి చివర రేకుల గదిలో ఉండే సూఫీ. ఉబ్బసం మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తుంది, అందుకే మూడే మాట్లాడతారని శిష్యులు నవ్వుకునేవాళ్లు.

"ఏం బేటా, మొహం అట్లా పీక్కుపోయిందేం?"

"మగ్గాలు మూతపడేట్టున్నాయి బాబా. ఇక మీ దువా, మీ ప్రార్థనే దిక్కు."

సంగతేమిటంటే, విజయవాడలో ఒక క్రెష్ కొత్తగా పెడుతున్నారు. ఉద్యోగాలకెళ్లే తల్లులు పసిబిడ్డల్ని అక్కడ వదిలి వెళతారు. గదుల్లో నేలంతా పరిచే తివాచీ కావాలన్నారు. గొర్రె ఉన్ని, చెట్ల రంగులు, అడుగున గుడ్డ అంటించడానికి రబ్బరు చెట్టు పాలు, అంతే. రసాయన మందుల వాసనే తగలకూడదన్నారు. జిలానీ గుండెమీద చెయ్యేసుకుని ఒప్పుకున్నాడు. ప్లాస్టిక్ తివాచీల దెబ్బకి పడిపోయిన వ్యాపారం దీంతో మళ్లీ లేస్తుందని అతని ఆశ. నేతగాళ్ల ఆశా అదే.

నేత బాగానే అయింది. తీరా అంటించే వేళకి రబ్బరు పాలు రాలేదు. వానలకి దారిలో ఆగిపోయాయన్నారు. గడువేమో నెత్తిమీదికొచ్చింది. అప్పుడు మనవాడు ఏం చేశాడయ్యా అంటే, బజారుకెళ్లి డబ్బాల జిగురు తెచ్చి పూయించేశాడు. మహా ఘాటు జిగురది. పూసినవాళ్లకే కళ్లు మండాయి. ఆ ఘాటు తెలియకుండా పైన చందనం అత్తరు చల్లించాడు. ఘనకార్యం!

"సాయంత్రం లారీకెక్కిస్తున్నాం బాబా," అన్నాడు జిలానీ. "వాసన పోనుపోను అదే పోతుంది. అయినా తివాచీకి తగిలేది పాదాలేగా, ఎవరు కనిపెడతారు? ఒక్కసారి దువా చేయండి, ఈ గండం గట్టెక్కుతాను."

బాబా ఆ ముక్కకేసి చూశారు.

"ఇక్కడ పరిచెయ్."

జిలానీ పరిచాడు. బాబా లేచి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చారు. అది నమాజు వేళ కాదు. కానీ మనసు పుట్టినప్పుడు విడిగా చదువుకోవడం ఆయనకు అలవాటే. వచ్చి ఆ తివాచీ మీద నిలబడ్డారు.

"అయ్యో, దీనిమీద వద్దు బాబా! మీ నమాజు చాప తెస్తాను, ఉండండి!"

అప్పటికే బాబా చేతులు కట్టుకున్నారు. నమాజులో ఉన్న మనిషిని కదిలించకూడదు. జిలానీ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

బాబా వంగారు, లేచారు. నుదురూ ముక్కూ తివాచీకి ఆన్చి సజ్దా చేశారు. చివరి సజ్దాకి దిగినవారు మాత్రం ఇక లేవలేదు.

జిలానీ గోడ వదిలి దగ్గరికొచ్చాడు. బాబా వీపు ఎగిరెగిరి పడుతోంది. పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఒక దగ్గు. ఇంకో దగ్గు. ముక్కు మాత్రం తివాచీని వదల్లేదు. యా అల్లా, ఈయనకేమైనా అయితే? లాగేద్దామని చెయ్యి చాచాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. చాలు బాబా, లేవండి బాబా అని లోలోపలే మొత్తుకున్నాడు. తన చేతులతో తనే గురువు గొంతు నొక్కుతున్నట్టుంది అతనికి.

ఎప్పటికో నమాజు ముగించి బాబా పక్కకి ఒరిగిపోయారు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. జిలానీ ఆయన్ని అమాంతం ఎత్తి గుమ్మం దగ్గర గాలికి కూర్చోబెట్టాడు. మంచినీళ్లు తాగించాడు.

"ఎందుకు బాబా ఇట్లా? వాసన తగలగానే లేచేయొచ్చుగా!" అంటూ భోరుమన్నాడు.

ఆయాసం కాస్త తగ్గేదాకా బాబా ఆగారు.

"నాకు లేవడం వచ్చు బేటా," అన్నారు. "పాకే పిల్లలకి రాదు."